ఔషధ పుట్టగొడుగులు: రుజువు ఒకదానిది, అమ్మకం మరొకదానిది

కరోనా వచ్చి వెళ్లాక వరంగల్, కరీంనగర్ మందుల దుకాణాల్లో చ్యవనప్రాశ డబ్బాల పక్కన కొత్త సరుకు చేరింది. రీషీ క్యాప్సూళ్లు, కార్డిసెప్స్ పొడి, గానోడెర్మా కాఫీ. అన్నీ ఔషధ పుట్టగొడుగుల పేరుతో అమ్మేవే. దుకాణం దాకా రాని సరుకు ఇంకా ఎక్కువ. అది ఆదివారం పూట ఏదో ఒక ఫంక్షన్ హాల్లో జరిగే మీటింగుల్లో, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముడవుతుంది. అమ్మేది ముక్కూమొహం తెలియని మనిషి కాదు. మేనమామ కొడుకో, ఆఫీసులో పక్క సీటాయన భార్యో, రిటైరైన మాస్టారో. అందుకే ఎవరూ నిలదీసి అడగరు. మొహమాటానికి ఒక డబ్బా కొనేస్తారు.

ఆ డబ్బాను ఒకసారి తిప్పి చదవండి. పెద్ద అక్షరాల్లో ఇమ్యూనిటీ గురించి, వేల ఏళ్ల చైనా వైద్యం గురించి ఉంటుంది. ఎక్కడో ఒక మూల ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ఉంటుంది. అది కంపెనీ నిజాయితీ కొద్దీ రాసిన మాట కాదు. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో తెచ్చిన న్యూట్రాస్యూటికల్ (పోషక ఉత్పత్తుల) నిబంధనల ప్రకారం రాసి తీరవలసిన మాట. డబ్బా మీద క్యాన్సర్ తగ్గుతుందని, షుగర్ పోతుందని అచ్చువేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి వస్తుంది. కాబట్టి అట్ట మీద ఆ ముక్క ఉండదు. అది అమ్మే మనిషి నోట్లో ఉంటుంది. ‘సార్, ఇది మందు కాదు, ఆహారం. కానీ మందు చేయలేని పని చేస్తుంది’ అనే వాక్యాన్ని మీరూ వినే ఉంటారు. చట్టానికి దొరకకుండా ఎంతో పొందికగా అల్లిన వాక్యం అది.

అయితే ఇదంతా మోసమేనా అంటే కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పూర్తి అబద్ధమైతే ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కానీ పుట్టగొడుగుల నుంచి తీసిన మందులను జపాన్‌లో ప్రభుత్వ అనుమతితో క్యాన్సర్ రోగులకు దశాబ్దాల పాటు ఇచ్చారు. ప్రయోగశాలల్లో ఈ పదార్థాలు తెల్లరక్తకణాలను కదిలించిన మాట కూడా నిజమే. అసలు సంగతి ఏమిటంటే, ‘ఔషధ పుట్టగొడుగు’ అనే ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు వస్తువులు కలిసిపోయాయి. కూరగా వండుకునే గొడుగు ఒకటి. ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే శుద్ధి చేసిన మందు ఇంకొకటి. ప్రయోగశాలలో కణాల మీద పోసే సారం మూడోది. డబ్బాలో వచ్చే పొడి నాలుగోది. మొదటి మూడింటి మీద ఎంతో కొంత రుజువు ఉంది. మనకు అమ్ముతున్నది నాలుగోది. ప్రచారమంతా ఆ మూడింటి రుజువులను తెచ్చి దీనికి అంటగట్టడమే.

తెల్లరక్తకణం ఏమనుకుంటుంది?

శిలీంధ్రాల కణాల చుట్టూ మన కణాలకు లేని గోడ ఒకటి ఉంటుంది. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. ఆ గోడలో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. గ్లూకోజ్ అణువులను ఒక ప్రత్యేకమైన కూర్పుతో గొలుసుగా చేసి, అక్కడక్కడ కొమ్మలు వేస్తే బీటా గ్లూకాన్ అవుతుంది. ఓట్స్‌లోనూ బీటా గ్లూకాన్ ఉంటుంది గానీ దాని అల్లిక వేరు. అది కొలెస్టరాల్ తగ్గించే లెక్కలోకి వస్తుంది, ఈ కథలోకి రాదు.

మన శరీరం బీటా గ్లూకాన్‌ను తయారుచేయదు. కాబట్టి అది ఎక్కడ తగిలినా తెల్లరక్తకణాలకు ఒకటే అర్థం: బయటి శిలీంధ్రం లోపలికి చొరబడింది. ఈ గుర్తుపట్టే పని చేసేది కణాల ఉపరితలం మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం. బీటా గ్లూకాన్‌ను పట్టుకునేది అదేనని 2001లో గోర్డన్ బ్రౌన్, సైమన్ గోర్డన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. గొలుసు దానికి తగలగానే కణం మేలుకుంటుంది, సూక్ష్మజీవులను మింగే పనికి దిగుతుంది, తోటి కణాలకు రసాయన సంకేతాలు పంపుతుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్రచారంలో చెప్పేది పుట్టగొడుగు రోగనిరోధక వ్యవస్థకు ‘పోషణ’ ఇస్తుందని. జరిగేది అది కాదు. పుట్టగొడుగు ముక్క శత్రువు ఆనవాలుతో ఎదురుపడితే కణాలు ఉలిక్కిపడుతున్నాయి. ఆసుపత్రుల్లో ఐసీయూ వైద్యులు రక్తంలో బీటా గ్లూకాన్ కోసం పరీక్ష చేయిస్తారు. అది ఎక్కువగా కనిపిస్తే రోగి రక్తంలో కాండిడా, ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రం చేరిందేమోనని అనుమానిస్తారు. (2021లో అందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. దాని గోడలో ఈ పదార్థం చాలా తక్కువ.)

దీనికి ఇంకో మలుపు ఉంది. నెదర్లాండ్స్‌లోని నైమేకన్ నగరంలో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిహాయ్ నెటియా బృందం 2011లో ‘శిక్షణ పొందిన ఇమ్యూనిటీ’ అనే ఊహను ముందుకు తెచ్చింది. టీకా వేసిన రోగాన్నే గుర్తుంచుకోవడం రోగనిరోధక వ్యవస్థలో ఒక శాఖ పని అని, పుట్టుకతో వచ్చే రెండో శాఖకు జ్ఞాపకం ఉండదని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నెటియా బృందం ఆ రెండో శాఖకూ కొంతకాలం నిలిచే జ్ఞాపకం ఉంటుందని చూపించింది. అలా శిక్షణ ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి మన ఎడమ భుజం మీద మచ్చ వదిలిన బీసీజీ టీకా. రెండోది బీటా గ్లూకాన్. డబ్బాల కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి? నోబెల్ స్థాయి పరిశోధన అంటూ దీన్ని వెంటనే బ్రోషర్లలోకి ఎక్కించారు.

బ్రోషర్లలోకి ఎక్కనిది ఇంకొకటి ఉంది. అదే విశ్వవిద్యాలయంలో, నెటియా కూడా భాగస్వామిగా ఉన్న బృందం ఒక చిన్న పరీక్ష చేసి 2014లో ప్రచురించింది. 15 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, 10 మందికి ఈస్ట్ నుంచి తీసిన బీటా గ్లూకాన్‌ను రోజుకు 1,000 మిల్లీగ్రాముల చొప్పున వారం రోజులు మింగించారు. మిగిలిన ఐదుగురికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత రక్తం తీసి చూశారు. రక్తంలో బీటా గ్లూకాన్ కనిపించలేదు. తెల్లరక్తకణాల స్పందనలో తేడా కనిపించలేదు. గాజుపాత్రలో కణం మీద పోస్తే గట్టిగా పనిచేసిన పదార్థం నోటి ద్వారా లోపలికి పోతే రక్తం దాకా చేరనేలేదు.

పరీక్ష చిన్నది, వారం రోజులదే. పేగు గోడలోని రోగనిరోధక కణాలు ఈ గొలుసులను కొద్దికొద్దిగా రుచి చూస్తాయని, పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి వాడుకుంటుందని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. కాబట్టి మింగితే ఏమీ జరగదని నేను అనను. కానీ గాజుపాత్రకూ కడుపుకూ మధ్య దూరం చాలా ఉంది.

జపాన్ ఏం చేసింది?

జపాన్ శాస్త్రవేత్త గోరో చిహారా బృందం 1969లో షిటాకే పుట్టగొడుగు నుంచి లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను వేరుచేసి, అది ఎలుకల్లో కణితులను అణచివేసిందని ప్రకటించింది. ఆ తర్వాత జపాన్ మూడు పుట్టగొడుగు మందులకు అనుమతి ఇచ్చింది. టర్కీ టెయిల్ అనే గొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌కు 1977లో, లెంటినాన్‌కు 1985లో, స్కైజోఫిల్లాన్‌కు 1986లో. ఈ మూడోదాని మూలం మనకు కొత్తది కాదు. వానాకాలంలో ఎండిన మామిడి కొమ్మల మీద బూడిదరంగులో, విసనకర్ర ఆకారంలో చిన్నగా, నూగుతో మొలుస్తుందే, అదే జాతి.

లెంటినాన్, స్కైజోఫిల్లాన్ రెండూ ఇంజక్షన్లు. లెంటినాన్‌ను కడుపు క్యాన్సర్ రోగులకు కీమో మందుతో కలిపి నరానికి ఎక్కించేవారు. స్కైజోఫిల్లాన్‌ను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో రేడియేషన్‌తో కలిపి వాడేవారు. నోటితో తీసుకునేది క్రెస్టిన్ ఒక్కటే, అదీ రోజుకు మూడు గ్రాములు. మొత్తం రంగంలో చెప్పుకోదగ్గ రుజువు ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 262 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కీమో మాత్రమే, రెండో గుంపుకు కీమోతోపాటు క్రెస్టిన్. ఐదేళ్ల తర్వాత కీమో గుంపులో 60 శాతం మంది, క్రెస్టిన్ కలిసిన గుంపులో 73 శాతం మంది బతికి ఉన్నారు. 13 శాతం తేడా అంటే క్యాన్సర్ వైద్యంలో కొట్టిపారేయదగ్గది కాదు.

ఈ లెక్క చూపించి టర్కీ టెయిల్ పొడి అమ్మేవారిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ రోగులకు ముందు ఆపరేషన్ జరిగింది. క్రెస్టిన్‌ను కీమోకు తోడుగా ఇచ్చారు, కీమోకు బదులుగా కాదు. ఎవరికి ఏది ఇస్తున్నదీ తెలియకుండా ఉత్తుత్తి మాత్రలతో చేసిన పరీక్ష కూడా కాదది. అప్పటి కీమో మందులు వేరు, ఇప్పటివి వేరు. క్రెస్టిన్ కూడా అడవిలో కోసుకొచ్చి దంచిన పొడి కాదు. ఎంచుకున్న ఒకే రకాన్ని పెంచి, దాని మైసీలియం, అంటే తెల్లటి దారాల నుంచి సారం తీసి, శుద్ధి చేసి, ప్రతి మోతాదు ఒకేలా ఉండేట్టు చేసిన మందు. డబ్బాలోని పొడి ఆ మందుకు వేలువిడిచిన చుట్టం కూడా కాదు.

‘పెంచడం’ ఎందుకు ప్రమాదకరమైన మాట

మన సంభాషణల్లో ఇమ్యూనిటీ అంటే ఇంటి మీది నీళ్ల ట్యాంకు. మట్టం తగ్గితే రోగాలు వస్తాయి, మోటారు వేసి నింపుకుంటే రావు. పుట్టగొడుగు పొడి ఆ మోటారు అన్నమాట. రోగనిరోధక వ్యవస్థ అలా ఉండదు. అందులో ఎగదోసే కణాలు ఎన్ని ఉన్నాయో, ఆపే కణాలు కూడా అన్ని అవసరం. ఆపేవి సరిగా పనిచేయకపోతే సొంత కీళ్ల మీద దాడి జరిగి రుమటాయిడ్ ఆర్థరైటిస్ వస్తుంది, చర్మం మీద జరిగి సోరియాసిస్ వస్తుంది, మూత్రపిండాల దాకా పోతే లూపస్ అవుతుంది. ఆస్తమా ఉన్నవారి ఇమ్యూనిటీ తక్కువై దగ్గడం లేదు. దుమ్ము కణానికి కూడా యుద్ధానికి దిగే ఇమ్యూనిటీ ఉండబట్టి దగ్గుతున్నారు.

శిలీంధ్రాల నుంచి ఆధునిక వైద్యానికి అందిన రోగనిరోధక మందుల్లో అన్నిటికంటే గొప్పవి ఇమ్యూనిటీని పెంచేవి కావు, తగ్గించేవి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి మందుల సంచీ తెరిచి చూస్తే మైకోఫెనోలేట్ కనిపిస్తుంది. అది పెనిసిలియం జాతి బూజు నుంచి వచ్చింది. సైక్లోస్పోరిన్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. నార్వేలోని ఒక పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన బూజు నుంచి సాండోజ్ కంపెనీ దాన్ని తీసింది. 1983లో అమెరికాలో అనుమతి పొంది, అవయవ మార్పిడి రంగాన్నే మార్చేసింది. 1996లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఆ బూజు అసలు ఏమిటని చూస్తే, అది పేడపురుగు జాతి లార్వాల మీద పెరిగే ఒక కార్డిసెప్స్‌కు మరో రూపమని తేలింది. ఇమ్యూనిటీ పెంచుతుందని డబ్బాల మీద బొమ్మ వేసే కార్డిసెప్స్‌కు దాయాది అన్నమాట. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు వాడే ఫింగోలిమోడ్ కూడా పురుగుల మీద పెరిగే అలాంటి శిలీంధ్రం నుంచే పుట్టింది. అదీ ఇమ్యూనిటీని అదుపులో పెట్టే మందే. పురుగు శరీరంలో నెలల తరబడి కాపురం ఉండాలంటే ముందు దాని రక్షణ వ్యవస్థను జోకొట్టాలి కదా!

కార్డిసెప్స్ పేరు ప్రపంచానికి తెలిసింది 1993లో. మా జున్‌రెన్ అనే కోచ్ శిక్షణలోని చైనా మహిళా పరుగు క్రీడాకారిణులు రికార్డులు బద్దలు కొట్టినప్పుడు, కార్డిసెప్సే, అంటే గొంగళిపురుగు మీద పెరిగే గొడుగే రహస్యమని ఆయన చెప్పుకున్నాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్త పరీక్షల్లో అనుమానాలు వచ్చి ఆయన శిష్యురాళ్లలో పలువురిని చైనాయే జట్టు నుంచి తప్పించింది. ఈ రెండో సగం ఏ మీటింగులోనూ వినిపించదు. హిమాలయాల్లో దొరికే అసలు కార్డిసెప్స్ (అక్కడి పేరు కీడాజడీ) బంగారంతో పోటీపడే ధర పలుకుతుంది. మన దగ్గర పొడిగా దొరికేది చాలావరకు గదుల్లో పెంచే మరో జాతి, నారింజ రంగు దారాల్లా ఉండే మిలిటారిస్.

ఇంతకీ ఆ డబ్బాలో ఉన్నది ఏమిటి?

రీషీ లేదా లింగ్‌జీ అని పిలిచే గానోడెర్మాను చూడటానికి చైనా పోనక్కరలేదు. వానలు పడ్డాక పాత చింతచెట్ల మొదళ్లలో, ఊరి బయట పుచ్చిపోయిన మానుల పక్కన అరచేతిలా అడ్డంగా పొడుచుకొచ్చి, వార్నిష్ పూసినట్టు ఎర్రగా మెరుస్తూ, అంచు మాత్రం తెల్లగా ఉండే గట్టి చెక్కలాంటిది ఈ కుటుంబానిదే. గోరు దిగదు. నమలడం కుదరదు, కొరికినా చేదు. కోనసీమ కొబ్బరి రైతుకు గానోడెర్మా పేరు బాగా తెలుసు, చెట్టు మొదలును కుళ్లబెట్టి తోటనే తినేసే తెగులుగా.

ఈ కుటుంబంలో జాతులు చాలా ఉన్నాయి. గానోడెర్మా లూసిడమ్ అనే జాతి పేరులోని ‘లూసిడమ్’ 1781లో ఇంగ్లండ్‌లో దొరికిన గొడుగుకు పెట్టింది. చైనా వైద్యంలో వాడే లింగ్‌జీ దానికంటే వేరైన జాతి అని తేల్చి 2012లో కొత్త పేరు పెట్టారు. అంటే దశాబ్దాలుగా వచ్చిన పరిశోధనల్లో ‘లూసిడమ్’ అని రాసినది ఏ జాతో ప్రతిసారీ విడిగా తేల్చుకోవాలి. మన చింతచెట్టు కింది గొడుగు ఆ రెండింటిలో ఏదీ కాకపోవచ్చు. కాబట్టి దాన్ని తెంపుకొచ్చి కషాయం కాచే ఆలోచన వద్దు.

అమ్మకపు సరుకు సంగతి చూద్దాం. అమెరికా మార్కెట్లో దొరికే రీషీ సప్లిమెంట్లను 19 తీసుకుని రసాయన పరీక్ష చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. లేబుల్‌కు తగ్గ సరుకు ఉన్నవి ఐదే. మిగిలిన వాటిలో ఏముందో ఊహించడానికి మన పల్లెల్లో పుట్టగొడుగులు పెంచే ఆడవాళ్లను అడిగితే చాలు. పుట్టగొడుగు విత్తనం తయారయ్యేది ఉడికించిన జొన్నల మీదో గోధుమల మీదో. సీసాలో గింజల చుట్టూ తెల్లటి దారాలు అల్లుకుని ముద్దలా అవుతుంది. కొన్ని కంపెనీలు గొడుగు మొలిచేదాకా ఆగకుండా ఆ ముద్దనే ఎండబెట్టి, దంచి, క్యాప్సూల్‌లో నింపుతాయి. దారాలను గింజ నుంచి విడదీయడం కుదరదు కాబట్టి పొడిలో ఎక్కువ భాగం ధాన్యపు పిండే. లేబుల్ మీద మాత్రం ‘పాలీశాకరైడ్లు’ అని రాస్తారు. అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసులు, బీటా గ్లూకాన్ అందులో ఒక రకం. పిండి కూడా పాలీశాకరైడే, అబద్ధం కాదు! స్కూల్లో చేసిన ప్రయోగం గుర్తుంటే చిన్న పరీక్ష చేయవచ్చు. పొడిని నీళ్లలో మరిగించి, చల్లార్చి, రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం నలుపు రంగు చిక్కగా తేలితే మీరు డబ్బు పెట్టింది పిండికి.

సరే, నాణ్యమైన రీషీయే దొరికిందనుకుందాం. క్యాన్సర్‌లో దాని మీద జరిగిన పరీక్షలను, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ జల్లెడ పట్టింది. 2012లో మొదటిసారి, 2016లో మళ్లీ. నిలిచినవి ఐదు పరీక్షలు, మొత్తం 373 మంది రోగులు. కీమో లేదా రేడియేషన్‌తో కలిపి ఇచ్చినప్పుడు కణితి స్పందన కొంత మెరుగ్గా కనిపించింది. రీషీ ఒక్కటే ఇచ్చినప్పుడు ఆ ఫలితం లేదు. ఆయుష్షు పెరిగిందనడానికి ఆధారం లేదు. క్యాన్సర్‌కు దాన్ని మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవని కాక్రేన్ తేల్చి చెప్పింది.

‘ఆయుర్వేదంలోనూ ఉంది’ అనే మాట గురించి కూడా ఒక ముక్క. సుశ్రుత సంహిత గడ్డి మీద, చెరకు పిప్పి మీద, పేడ మీద, వెదురు మీద, నేల మీద మొలిచే గొడుగులను వేరువేరుగా చెప్పింది. కానీ చెప్పింది కూరల జాబితాలో. మనుస్మృతి అయితే తినవద్దనే అంది. ఒంటికి బలమిచ్చే ఔషధంగా గొడుగుకు పెద్దపీట వేసింది చైనా సంప్రదాయం. దాన్ని మన తాతముత్తాతల ఖాతాలో వేయడం అమ్మకందారుల తెలివి.

కూరగా తింటే

నా మట్టుకు నాకు డబ్బా మీద లేని గౌరవం కూర మీద ఉంది. వరిగడ్డికి కొదవలేని ప్రాంతం మనది. యాసంగి కోతలయ్యాక పొలాల్లో తగలబెట్టే గడ్డిని ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, తడి ఆరబెట్టి, పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం వేసి చీకటి గదిలో వేలాడదీస్తే రెండు మూడు వారాల్లో సంచి అంతా తెల్లబడుతుంది. ఆ తర్వాత రంధ్రాలు చేసి, తడి తగలనిస్తే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులుగా వస్తాయి. మన వేసవికి అవి తట్టుకోలేవు. అప్పుడు పాల పుట్టగొడుగు వేస్తారు, దానికి 30 నుంచి 38 డిగ్రీల వేడి సరిపోతుంది.

ఈ ముత్యపు చిప్ప జాతిలోని బీటా గ్లూకాన్ పేరు ప్లూరాన్. తరచూ జలుబు, దగ్గుతో బాధపడే 175 మంది పిల్లల మీద స్లొవేకియా వైద్యులు పరీక్ష చేసి 2013లో ప్రచురించారు. ఒక గుంపుకు ప్లూరాన్, విటమిన్ సి కలిపిన సిరప్, మరో గుంపుకు విటమిన్ సి మాత్రమే. సిరప్ తాగిన కాలంలో ఒక్కసారి కూడా శ్వాసకోశ ఇన్ఫెక్షన్ రాని పిల్లలు ప్లూరాన్ గుంపులో 36 శాతం, రెండో గుంపులో 21 శాతం. ఫ్లోరిడాలో 52 మంది ఆరోగ్యవంతులు నాలుగు వారాలు రోజూ ఎండు షిటాకే 5 లేదా 10 గ్రాముల చొప్పున వండుకుని తింటే, కొన్ని రోగనిరోధక కణాల పనితీరు మెరుగుపడింది, లాలాజలంలో రక్షణ కల్పించే ఐజీఏ అనే యాంటీబాడీ పెరిగింది, వాపును సూచించే సీఆర్పీ తగ్గింది. 2015లో వచ్చిన ఈ అధ్యయనంలో పోల్చి చూసేందుకు గొడుగులు తినని గుంపు లేదు. వారికి జబ్బులు తగ్గాయా అనేది చూడనూ లేదు. రక్తంలో అంకె మారడం వేరు, మంచం పట్టే రోజులు తగ్గడం వేరు. అయినా మామూలు తిండితో ఇంత కదలిక వచ్చిందంటే పొడి కొనే అవసరం ఎంత ఉందో ఆలోచించుకోవచ్చు.

మాంసంతో సమానమనే మాట మాత్రం నమ్మకండి. పచ్చి పుట్టగొడుగులో 90 శాతం నీరు, వంద గ్రాములకు మూడు గ్రాముల అటూ ఇటూ ప్రొటీన్. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. శ్రావణమాసంలో మటన్ బదులు మష్రూమ్ కూర వండుకోండి, రుచికి లోటు లేదు. ప్రొటీన్ కోసమైతే పక్కన పప్పు ఉండాలి.

గొడుగు నిజంగా చేయగలిగిన మేలు ఒకటి ఎవరూ ప్రచారం చేయరు, అందులో అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. గదుల్లో చీకట్లో పెరిగి ప్యాకెట్‌లో వచ్చే గొడుగుల్లో విటమిన్ డి నామమాత్రం. వాటిని ముక్కలుగా కోసి మిట్టమధ్యాహ్నం ఎండలో పావుగంట నుంచి గంట ఉంచితే వంద గ్రాములకు పది మైక్రోగ్రాముల దాకా తయారవుతుంది. పెద్దలకు రోజుకు 15 మైక్రోగ్రాములు కావాలని ఐసీఎంఆర్ లెక్క. రోగనిరోధక కణాలకు విటమిన్ డి అవసరమన్నది ఎప్పుడో తేలిన సంగతి. తర్వాత బాగా ఉడికించండి. పచ్చి గొడుగు గోడ మనకు అరగదు. సగం ఉడికిన షిటాకే తిన్న కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. జపాన్ వైద్యులు 1977లోనే దీన్ని నమోదు చేశారు, దానికి లెంటినానే కారణమని భావిస్తున్నారు.

పెంచేవారికి ఒక హెచ్చరిక. ముత్యపు చిప్ప గొడుగులు పూర్తిగా విచ్చుకుంటే గదిలో పొగలా బీజాలు రాలతాయి. రోజూ వాటిని పీలిస్తే కొందరి ఊపిరితిత్తుల్లో అలర్జీ వాపు వస్తుంది. అంచులు కిందికి వంగి ఉండగానే కోయాలి, లోపలికి మాస్కుతో వెళ్లాలి.

వానాకాలంలో ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దారుల వెంట ఆకుల్లో పొట్లాలు కట్టి అమ్మే పుట్టగొడుగుల సంగతి వేరు. చెదపురుగులు పుట్టలో సాగు చేసుకునే శిలీంధ్రమే పైకి గొడుగై వస్తుంది. చెదలు లేకుండా దాన్ని పంటగా పెంచడం ఇప్పటికీ ఎవరికీ చేతకాలేదు, అందుకే ఆ కొద్ది వారాలే దొరుకుతుంది, ధరా అలాగే ఉంటుంది. కోయ కుటుంబాల వారు తరతరాలుగా గుర్తుపట్టి తెచ్చేది వారి దగ్గరే కొనండి. మన పెరట్లో, కాలేజీ పచ్చికలో మొలిచే తెల్లటి పెద్ద గొడుగుల్లో వాంతులు, విరేచనాలు చేయించే జాతి ఒకటి మామూలుగా ఉంటుంది. వెల్లుల్లి నల్లబడితేనే విషం, వెండి రంగు మారితేనే విషం అనే పరీక్షలు పనిచేయవు. కొన్ని గొడుగుల్లో ఉండే ప్రాణాంతకమైన అమాటాక్సిన్ అనే విషం ఉడికించినా చావదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. వాంతులై తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది.

ఎవరు దూరంగా ఉండాలి?

‘అక్కకు కీమో జరుగుతోంది, ఈ పొడి ఇవ్వవచ్చా?’ అని అడిగేవారే ఎక్కువ. మందు పనిచేయడం లేదేమోననే భయంలో, ఏదో ఒకటి చేయాలనే ఆరాటంలో అడుగుతారు. వైద్యుడికి చెప్పకుండా ఇవ్వకండి. కీమోలో కాలేయం మీద ముందే భారం ఉంటుంది. రీషీ పొడి వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులు హాంకాంగ్, థాయ్‌లాండ్ నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. ఆ రెండూ కలిస్తే, దెబ్బ కీమో వల్లా పొడి వల్లా అన్నది వైద్యుడికి కూడా తేల్చడం కష్టం. తేలేదాకా కీమో ఆపవలసి వస్తే నష్టం రోగికే.

కిడ్నీ, కాలేయ మార్పిడి అయినవారు వీటి జోలికే పోకూడదు. వారు ఇమ్యూనిటీని తగ్గించే మందుల మీద బతుకుతున్నారు, దాన్ని రెచ్చగొడితే కొత్త అవయవానికే ముప్పు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికీ ఇదే మాట. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారికి, వార్ఫరిన్ మీద ఉన్నవారికి రీషీతో రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. షుగర్ మాత్రలు వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. చాగా అనే మరో గొడుగు పొడిని కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల జపాన్ మహిళ రోజుకు నాలుగైదు చెంచాల చొప్పున ఆరు నెలలు తింటే, అందులోని ఆక్సలేట్ కిడ్నీల్లో పేరుకుని అవి పనిచేయడం మానేశాయని 2014లో రాశారు.

ఇప్పటికే వాడుతుంటే దాచకండి. ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుడు ఏమేం మందులు వాడుతున్నారని అడుగుతారు. అప్పుడు చాలామంది ‘ఇది మందు కాదు కదా’ అని దీన్ని చెప్పరు. డబ్బా ముందువైపు కాదు, వెనుకవైపు ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. జాతి పేరు, మోతాదు, ఏ భాగం నుంచి తీశారో, బ్యాచ్ నంబరు ఉంటే అదీ అందులో పడేట్టు చూసుకోండి.